నాకద్దే అవ్వా

తప్పు అభిలాష్‌దే. ఈ మాట లింబాద్రి బయటికి అనలేదు. అన్నా వినేవాడు లేడు, ఎందుకంటే అభిలాష్ మంచివాడు. మండే ఎండలో తన బండి డిక్కీ తెరిచి కూలీలకు చల్లటి నీళ్ల సీసాలు పంచే ఇంజనీరు ఆ కంపెనీలో అతనొక్కడే. మంచివాడి మీద ఫిర్యాదు చేస్తే ఎవడు నమ్ముతాడు? ‘లింబాద్రి అన్నా, ఇదేం పాట?’ అని ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

ఆ రోజు దుబాయ్‌లో ఇంటర్నేషనల్ సిటీ వెనక రోడ్డు వెంబడి తవ్విన కాలువలో కరెంటు కేబుల్ లాగుతున్నారు. ముప్పై నాలుగు మంది, ఒకరి వెనక ఒకరు. కేబుల్ మోచేతి మందం. ఆ చివర జాకీల మీద చెక్క డ్రమ్ము, మధ్యలో ఇసుక మీద వరసగా ఇనుప రోలర్లు. కేబుల్‌ను బలం ఒక్కటే లాగదు. ముప్పై నాలుగు నడుములు ఒకే క్షణాన వంగాలి. ఒకడు ముందు, ఒకడు వెనక అయితే కేబుల్ అంగుళం కదలదు, భుజం మాత్రం జారుతుంది. అందుకే ప్రతి గ్యాంగులో ఒక పిలిచేవాడు ఉంటాడు. వాడు పిలుస్తాడు, మిగతావాళ్లు అందుకుంటారు. పిలుపు మీద ఊపిరి, జవాబు మీద లాగుడు. ఆ గ్యాంగులో తొమ్మిదేళ్లుగా పిలిచేవాడు లింబాద్రి. నేపాలీలు, బీహారీలు, బంగ్లా వాళ్లు, మనవాళ్లు, అందరూ ఆయన గొంతు మీదే వంగుతారు.

పిలవడం అవ్వ దగ్గర, కన్నతల్లి దగ్గర నేర్చుకున్నాడు. నాటు వేసే ఆడవాళ్ల ముందు గౌరవ్వ నిలబడి పాట ఎత్తుకునేది. ఒడ్డు మీద కూర్చున్న కొడుకుతో అనేది: “పిలిచెటోడు ఊపిరంత పెట్టద్దుర. సగం దాసుకోవాలె. అందుకునెటోళ్లు తప్పితే మల్ల పిలువనీకి ఉండాలె.”

ఆ గౌరవ్వే ముందు రోజు పొద్దున పోయింది. లింబాద్రి పాస్‌పోర్టు గడువు అయిపోయి రెన్యువల్‌కు వెళ్లింది, రావడానికి ఇంకా రెండు వారాలు. ఎమర్జెన్సీ కాగితం మీద పోవచ్చు కానీ పోయినవాడు మళ్లీ ఈ పనిలోకి వస్తాడని ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. అందుకని మధ్యాహ్నం భోజనం వేళ, రోడ్డు పక్క పైపుల నీడలో కూర్చుని, క్యాంపులో పక్క మంచం అంజి ఫోన్‌లో అవ్వ చావు చూశాడు. పెద్దనాయన కొడుకు పోచన్న కుండ మోశాడు, పోచన్నే కొరివి పెట్టాడు. మధ్యలో రెండుసార్లు నెట్టు పోయింది. తిరిగి వచ్చేసరికి పొగ.

ఒక్కటి మాత్రం లింబాద్రి మనసులో ముల్లులా ఉండిపోయింది. అవ్వకు ఆడపిల్ల లేదు. శవం మీద పడి, ఉన్నవీ పోయినవీ ఎంచుకుంటూ రాగం తీసి ఏడ్చే గొంతు ఆ వాకిట్లో లేదు. పక్కింటి బాలవ్వ రెండు మాటలు ఎత్తుకుని, దగ్గు వచ్చి ఆపేసింది.

“లింబాద్రీ!” ఫోర్‌మన్ మురళీ గట్టు మీంచి కేకేశాడు. కేరళ మనిషి, హిందీ తప్ప మరో మాట మాట్లాడడు. “క్యా హువా? ఆవాజ్ నికాలో! యల్లా, యల్లా!”

వెనక నుంచి అంజి మెల్లగా అన్నాడు. “నేను పిలుస్త తియ్యే అన్నా. నీతోని గాదు ఇయ్యాల.”

“నీ పిలుపుకు కేబులు గాదు, కుక్క గూడ రాదు,” అన్నాడు లింబాద్రి. అని నోరు తెరిచాడు. ఎప్పటి ‘జోర్ లగాకే’ రాలేదు. వేరేది వచ్చింది.

“ఇల్లు జూత్తె సిన్నబాయె అవ్వో నా అవ్వా...”

ముప్పై మూడు మంది ఒక్క క్షణం ఆగారు. తర్వాత వాళ్లకు తెలిసిన పని వాళ్లు చేశారు. “హో... అవ్వా!” అని అందుకుని వంగారు. కేబుల్ కదిలింది.

“వాకిలి జూత్తె వన్నె పాయె అవ్వో నా అవ్వా...”

“హో... అవ్వా!”

“నీ ఇరవై రెండు గుంటలు నాకద్దే అవ్వా... నీ సేతి గట్క ముద్ద నాకియ్యే అవ్వా...”

కళ్లలోకి చెమటో ఏదో దిగుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కేబుల్ వదిలితే ముందువాడి కాళ్ల మీద పడుతుంది. లాగుతూనే పాడాడు, పాడుతూనే లాగాడు. ఒక పూట పట్టే మూడు వందల మీటర్లు గంటన్నరలో లాగేశారు. మురళీ చప్పట్లు కొట్టాడు. గట్టు మీద అభిలాష్ ఫోన్ దించి కళ్లు ఒత్తుకున్నాడు.

“ఏం గొంతన్నా నీది! గూస్‌బంప్స్,” అని చెయ్యి చాపి చూపించాడు. నిజంగానే రోమాలు నిలబడి ఉన్నాయి.

*

అభిలాష్ ఆ వీడియో ఊరికే పెట్టలేదు. స్నేహితుడికి పంపి కింద డప్పు, దాని కింద ధన్‌ధన్‌మనే బీటు వేయించాడు. ముప్పై మూడు మంది జవాబు చాలదని, ఏ స్టూడియోలోనో ఆడగొంతులతో ‘నాకద్దే, నాకద్దే అవ్వా’ అని కోరస్ కలిపించాడు. పైన పేరు పెట్టాడు: కేబుల్ లింబాద్రి.

నాలుగో రోజుకు పదకొండు లక్షల మంది చూశారు. కూలీలుండే సోనాపూర్ క్యాంపులో స్నానాల గది ముందు క్యూలో నిలబడితే ముందున్నవాడు వెనక్కి తిరిగి “నువ్వేనా కాకా?” అని చోటు ఇచ్చాడు. సామాను కొనడానికి నైఫ్ బజారుకు పోతే ఒక మొబైల్ షాపులో అదే పాట మోగుతోంది. షాపు వాడు లింబాద్రిని పోల్చి, ఒక ఛార్జర్ ఊరకే చేతిలో పెట్టి, పక్కన నిలబెట్టుకుని ఫోటో దిగాడు. మెస్సులో వంటవాడు ఒక ముక్క ఎక్కువ వేశాడు. అంజి అయితే మేనేజర్ అయిపోయాడు.

“అన్నా, ఇగ నువ్వు పార వట్టి తవ్వకు. గొంతుల దుమ్ము వోతది.”

“పారవట్టకుంటె నీ అయ్య ఇస్తడారా జీతం?”

“నా అయ్య దగ్గరుంటే నేనెందుకు ఇక్కడ నీ పక్క మంచంల పండుత?”

లింబాద్రి నవ్వాడు. సిగ్గు లేకుండా చెప్పాలంటే, ఆ నాలుగు రోజులూ ఆయనకు లోలోపల బాగానే ఉంది. దుప్పటి ముసుగులో తన పాట తనే చాలాసార్లు విన్నాడు. నలభై ఆరేళ్ల బతుకులో తన గొంతు బయటి నుంచి ఎట్లా ఉంటుందో వినడం అదే మొదలు. మంచిగనే ఉంది. అవ్వ గొంతులా ఉంది. కింద ధన్‌ధన్‌మనేది మొదలవగానే మాత్రం ఫోన్ చెవికి దూరం పెట్టేవాడు.

ఐదో రోజు పోచన్న ఫోన్ చేశాడు.

“తమ్మీ! పెద్దోనివైనవురా. జగిత్యాల బస్టాండ్ల గూడ నీ పాటనే అట. మా మనుమరాలు పాడుకుంట ఎగురుతాంది.”

“ఏం పెద్దన్నా, అవ్వ ఏడ్పు అది.”

“ఏడ్పో పాటో, మంచిగ జెప్పినవ్. నాక్కూడ మనసుల ఉండె, ఎట్ల అడగాల్నో అని. నువ్వే నీ నోటితోని అన్నవ్, బరువు దిగింది.”

“ఏమన్న?”

“ఇరవై రెండు గుంటలు నాకద్దు అన్నవ్ గద.”

ఏడుపులో ‘నాకు వద్దు’ అన్న మాట పట్టుకున్నాడని లింబాద్రికి మొదట నవ్వు వచ్చింది. పోచన్న నవ్వలేదు.

ఆ ఇరవై రెండు గుంటలు, అర ఎకరం పైచిలుకు పొలం, గౌరవ్వ బీడీలు చుట్టి కొన్నది. బావ దగ్గరే కొన్నది, అంటే పోచన్న తండ్రి దగ్గర. తెల్లకాగితం మీద నలుగురి వేలిముద్రలు. ఆ కాగితం రిజిస్ట్రీకి పోలేదు, పాసుబుక్కు ఈ రోజుకీ పోచన్న పేరు మీదే ఉంది. వేలిముద్ర వేసిన నలుగురిలో ముగ్గురు పోయారు, మిగిలింది హన్మంతు ఒక్కడు. ఊరి మాట మీద నిలబడ్డ భూమి అది. ఊరు ఎవరిదంటే వాళ్లదే.

సాయంత్రం పని దిగి, క్యాంపు గోడ పక్కన నిలబడి పెండ్లాం మాలతికి చేశాడు. ఆమె ఫోన్ ఎత్తుతూనే అరిచింది.

“ఏమయ్యా, మతి ఉండే అన్నవా? అత్త మడి నాకద్దని ఊరూరు తిరిగి సాటిస్తున్నవా?”

“ఏడ్సిననే! ఏడ్సుకుంట అంటరు గద గట్ల!”

“ఎవలంటరు? ఆగు, బాలవ్వత్తకిస్త.”

బాలవ్వ గొంతు దగ్గుతో మొదలైంది. “బిడ్డా... గది ఆడివిల్ల మాట కొడుకా. బిడ్డ ఏడ్సుకుంట అంటది, నీ భూమి నాకద్దే, నీ సొమ్ము నాకద్దే, నీ మొకం సాలే అని. ఆమెకు ఎట్లా భాగం ఉండది గనుక అంటది. కొడుకు అట్ల అనడు. కొడుకు అంటె అది ఏడ్పు గాదు, ఇడుపు, హక్కు ఇడిసిపెట్టుడు. నీ అవ్వ నీకు నాటు పాట నేర్పింది గని సావు పాట నేర్పలే. మొగోనికి ఎందుకని నేర్పుతది?”

లింబాద్రి గోడకు ఆనుకున్నాడు. అవ్వకు బిడ్డ లేదని తానే బిడ్డ అయి ఏడ్చాడు. ఆ సంగతి ఏడ్చేటప్పుడు తనకే తెలియలేదు.

“మరి ఎట్ల చిన్నమ్మా?”

మాలతి ఫోన్ లాక్కుంది. “హన్మంతన్న దగ్గరికి పోయిన. కొరివి పెట్టినోడు ఆయన, అద్దన్నోడు నీ మొగడు, నేనేం జెయ్యాలె అంటడు. కాళ్లు వట్టుకున్న. ఆఖరికి ఒకటన్నడు. నలుగుట్ల అన్న మాట నలుగుట్లనే మార్సుకోవాలె అట. ఫోన్ల నాకు జెప్పుడు గాదట. ఏ పాటల అద్దన్నడో ఆ పాటలనే కావాలె అని, మంది ముంగట అనుమను, ఇంటం అన్నడు. ఐతారం పదకొండు దినాలు. అందరు అస్తరు, ఆ పొద్దే కూసుంటరు.”

“మంది యాడ దొరుకుతరే నాకు?”

“పదకొండు లచ్చల మంది దొరికిండ్రు గదయ్యా,” అంది మాలతి. గొంతులో ఎకసెక్కం లేదు. నిజంగానే అంది.

*

మంది మర్నాడే దొరికారు. అభిలాష్ ఒకావిడను వెంటబెట్టుకుని సైటుకు వచ్చాడు. ఏసీ బండి దిగి, చెప్పుల్లో ఇసుక పడకుండా అడుగులు వేసుకుంటూ వచ్చింది. పేరు కృష్ణవేణి, గుంటూరు వైపు. ఏదో తెలుగు సంఘానికి సాంస్కృతిక కార్యదర్శి. ఆదివారం సాయంత్రం ఒక స్కూలు ఆడిటోరియంలో బతుకమ్మ సంబరాలట.

“లింబాద్రి గారూ, మా పిల్లలందరికీ మీ పాట నోటికొచ్చండీ. మీరు రాకపోతే ఊరుకోరు వాళ్లు,” అంది.

“మేడం, నాకు సూతకం. పువ్వుల ముంగట నిలవడద్దు.”

“అయ్యో, గుడి కాదుగా అండీ, ఆడిటోరియమే. పూలు కూడా సగం ప్లాస్టిక్‌వే.”

“ఆదివారం పదకొండో దినం అన్నా. పొద్దున స్నానం చేస్తే ఖలాస్ కదా?” అన్నాడు అభిలాష్. “లైవ్ కూడా ఉంటది. మీ ఊళ్లో కూడా చూసుకోవచ్చు.”

లైవ్ అన్న మాట దగ్గర లింబాద్రి తల ఎత్తాడు. “ఎన్ని గంటలకు సార్?”

“నాలుగున్నరకు నీ ఐటెం.”

అక్కడ నాలుగున్నర అంటే ఊళ్లో ఆరు. పంచాయతీ కూర్చునే వేళ. లింబాద్రి చేతి గ్లవ్స్ తీసి, వేళ్లు ఒకసారి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“అస్త సార్. కాని ఒక మాట మార్సి పాడుత. నాకద్దే కాడ, నావేనే అంట.”

“నీ పాట, నీ ఇష్టం అన్నా.”

“అది పాట గాదు సార్. నా అవ్వ సచ్చిపోతే ఏడ్సిన.”

అభిలాష్ ముఖం నిజంగా జాలితో మెత్తబడింది. భుజం మీద చెయ్యి వేశాడు. “తెలుసన్నా, అంజి చెప్పిండు. అందుకే కదా అంత ఫీల్ వచ్చింది.”

*

ఆదివారం పొద్దున క్యాంపు నల్లా కింద అంజి లింబాద్రికి గుండు చేశాడు. విస్తరాకు దొరక్క థర్మాకోల్ ప్లేటులో ముద్ద పెట్టి ప్రహరీ మీద ఉంచారు. కాకి రాలేదు, పావురం వచ్చింది. “దుబాయ్ల గిదే కాకి,” అన్నాడు అంజి.

ఆడిటోరియం వెనక గదిలో గుండు చూసి కృష్ణవేణి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఒక్క క్షణమే. తర్వాత ఎర్ర రుమాలు తెప్పించి తలకు తానే చుట్టింది. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర. గొంగడికి ఇంకా ధర చీటీ వేలాడుతోంది. లింబాద్రి జీవితంలో గొర్రెలు కాయలేదు. అయినా నిలబడ్డాడు. ఆయన చూపు గోడ గడియారం మీద ఉంది. ఫోన్ అంజి చేతికిచ్చి, మాలతికి వీడియో కలిపి పట్టుకుని స్టేజీ పక్కన నిలబడమన్నాడు.

“హన్మంతన్న మంచంల కూసున్నడు. పోచన్న గూడ అచ్చిండు. ఫోన్ నడిమిట్ల వెట్టిండ్రు,” అంది మాలతి. “మంచిగ అను. గట్టిగ అను.”

తెర లేచింది. నాలుగు వందల మంది. పట్టుచీరలు, చిన్న పిల్లలు, ముందు వరసలో సూట్లు. దీపాల వేడి ఎండలా ముఖం మీద కొట్టింది. లింబాద్రికి భయం వేయలేదు. వరసలు చూస్తే గ్యాంగే అనిపించింది. పిలిస్తే అందుకుంటారు, అంతే కదా.

“నేను పిలుస్త,” అన్నాడు మైకులో. “మీరు అందుకోండ్రి. నేనేమంటె అదే అనాలె. మార్సద్దు.”

ఈలలు వేశారు. అభిలాష్ ల్యాప్‌టాప్ దగ్గర బొటనవేలు ఎత్తి చూపించి మీట నొక్కాడు. డప్పు మొదలైంది.

“ఇల్లు జూత్తె సిన్నబాయె అవ్వో నా అవ్వా...”

“హో... అవ్వా!” నాలుగు వందల గొంతులు. నేల అదిరింది. ముందు వరసలో పిల్లలు లేచి గెంతడం మొదలుపెట్టారు.

“వాకిలి జూత్తె వన్నె పాయె అవ్వో నా అవ్వా...”

“హో... అవ్వా!”

లింబాద్రి ఊపిరి తీశాడు. సగం దాచుకోలేదు, అంతా పెట్టాడు.

“నీ ఇరవై రెండు గుంటలు నావే...”

“నాకద్దే! నాకద్దే అవ్వా!”

స్పీకర్ డబ్బాల్లోంచి ఆడగొంతులు, కింద నుంచి నాలుగు వందల మంది, ఒక్కసారి వచ్చి ఆయన మాట మీద పడ్డారు. లింబాద్రి చెయ్యి అడ్డంగా ఊపాడు. పిల్లలు కూడా చేతులు అడ్డంగా ఊపారు. వద్దు అనడానికి అది బాగా కుదిరింది. మళ్లీ పిలిచాడు.

“ఇరవై రెండు గుంటలు నావేనే...”

“నాకద్దే! నాకద్దే అవ్వా!”

అభిలాష్ కనుబొమలు ముడిచాడు. మాట మార్చి పాడతానన్నది అతనికి గుర్తు లేదు, అన్న పాట మరిచి తడబడుతున్నాడనుకున్నాడు. పరువు కాపాడాలి. కోరస్ ఉన్న మీటను పైకి జరిపాడు, మైకు మీటను కిందికి దించాడు.

మూడోసారి లింబాద్రి మైకు వదిలేసి స్టేజీ అంచుకు వచ్చి అరిచాడు. “నావే! అవి నావే!” మెడ నరాలు తేలాయి, రుమాలు జారి గుండు బయటపడింది. ముందు వరసలో ఒక సూటాయన పక్కవాడి తొడ మీద కొట్టి నవ్వాడు. పిల్లలకు ఇది కొత్త ఆట అయింది. ఆయన వైపు వేళ్లు చూపిస్తూ, ఎగురుతూ, ఆటపట్టిస్తూ అన్నారు: “నీకద్దే! నీకద్దే అవ్వా!”

పాట అయిపోయాక చప్పట్లు చాలాసేపు ఆగలేదు. కృష్ణవేణి శాలువా కప్పింది. ఎవరో ఒక గాజు పలక చేతిలో పెట్టారు. దాని మీద ఆయన పేరు, ఒత్తులు లేకుండా.

స్టేజీ పక్కన అంజి ఫోన్ ఇచ్చాడు. ఇచ్చి పక్కకు చూశాడు.

“మాలతీ... ఇన్నరా?”

“నీ నోరు ఆడింది గనవడ్డదయ్యా. నీ గొంతు ఇనవడలే. మంది గొంతే ఇనవడ్డది.”

“హన్మంతన్న ఏమన్నడు?”

“లేసి ధోతి దులుపుకున్నడు. నాలుగు వందల మందితోని సాచ్చెం జెప్పిచ్చిండు, ఇగ నన్నడుగుడేంది అన్నడు. పోచన్న అందరికీ చాయ పోపిచ్చిండు.”

*

మర్నాడు పొద్దున ఆరింటికి బస్సు అదే రోడ్డు పక్కన దింపింది. కొత్త డ్రమ్ము జాకీల మీద ఎక్కి ఉంది. గాజు పలక క్యాంపులో మంచం కింద, బూట్ల పక్కన పెట్టి వచ్చాడు. అభిలాష్ వచ్చి, వచ్చే నెల అబుదాబిలో ప్రోగ్రాం అడుగుతున్నారని, ఈసారి డబ్బులు కూడా ఇస్తారని చెప్పాడు. “అదే మాట మార్చే కామెడీ మళ్లీ చెయ్యాలట అన్నా. అది వేరే లెవెల్‌కి పోయింది.” నీళ్ల సీసా చేతిలో పెట్టాడు. లింబాద్రి తీసుకున్నాడు. దాహం వేస్తోంది.

ముప్పై నాలుగు మంది కాలువలోకి దిగారు. మురళీ గట్టు మీద నిలబడి చేతులు చరిచాడు. “యల్లా, లింబాద్రీ! గానా!”

లింబాద్రి కేబుల్ పట్టుకున్నాడు. నోరు తెరిచాడు, గాలి వచ్చింది, అంతే. ఊపిరి ఎక్కడా దాచుకుని లేదు. మళ్లీ తెరిచాడు. రాలేదు.

ఎవరూ కదల్లేదు. డ్రమ్ము ఎండలో నిలబడి ఉంది.

అప్పుడు వెనక నుంచి, పదో మనిషో పదకొండో మనిషో, తెలుగు ఒక్క ముక్క రాని నేపాలీ కుర్రాడు, వారం రోజులుగా ఫోన్‌లో విని విని నేర్చుకున్నది, ‘నీ ఇరవై రెండు గుంటలు నాకద్దే అవ్వా’ అని ఒక్క అక్షరం తప్పు లేకుండా ఎత్తుకున్నాడు. మిగతావాళ్లు అందుకున్నారు. నడుములు ఒకే క్షణాన వంగాయి. చేతుల్లో కేబుల్ కదులుతుంటే లింబాద్రి కూడా వంగక తప్పలేదు. వంగకపోతే ముందువాడి కాళ్ల మీద పడుతుంది.

వాళ్లు లాగారు, ఆయన లాగాడు. జగిత్యాల తాలూకాలో, కాలువ కింద, బీడీలు చుట్టి కొన్న తరిపొలం, ఇరవై రెండు గుంటలు.